పసుపు అంటిన కార్డు

అహేరి బస్టాండులో సిరోంచ బస్సు ఎక్కుతూ డ్రైవర్ ముందున్న అద్దం వైపు చూశాను. దేవుడి పటానికీ, ఎండిపోయిన నిమ్మకాయల దండకూ మధ్య అరచేయంత కార్డు ఒకటి దోపి ఉంది. బూడిదరంగు అట్ట మీద ఎర్ర కాగితంతో చేసిన బస్సు. ఆ బస్సుకు అద్దం ఉండాల్సిన చోట అగరబత్తి డబ్బా లోపలి వెండి కాగితం. కింద పేరు లేదు, శుభాకాంక్షలు లేవు, ఒక్క అక్షరం కూడా లేదు. కాగితం అంచులు కత్తెరతో కోసినవి కావు. సన్నగా, నూలుపోగుల్లా నూగు తేలి ఉన్నాయి. ఆ నూగు చూడగానే కార్డు చేసిన చెయ్యి ఎవరిదో తెలిసిపోయింది.

అయినా డ్రైవర్‌ను అడిగాను, ఎక్కడిదని.

"సిరోంచ హాస్టల్ మౌశి ఇచ్చింది," అన్నాడు. "బండి మారినప్పుడల్ల దీన్ని తీసి కొత్త బండికి పెట్టుకుంట. పొద్దుగాల లేవంగనే ఏం జేస్తవ్ అని అడిగింది. డ్యూటీకొచ్చి ముందుగాల అద్దం తుడుస్త అన్న. ఇగో, అద్దం." తర్వాత, ఆమె పోయిందట కదా అన్నాడు.

పోయి ఏడాది దాటిందని చెప్పాను. ఆమె నాకు మేనత్త అని కూడా చెప్పాను. అతను తన వెనక సీటు మీద ఉన్న సంచీ తీసి కింద పెట్టి, నన్ను అక్కడ కూర్చోమన్నాడు. సిరోంచ దాకా దారిలో అడవి ఎటు వచ్చిందో ఎటు పోయిందో నాకు తెలియదు. ఆ కార్డునే చూస్తూ కూర్చున్నాను.

అత్త పెళ్లి చేసుకోలేదు. సిరోంచలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. హాస్టల్ గోడకు ఆనుకొని ఉన్న రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. అడవి ఊళ్ల నుంచి వచ్చి చదువుకునే పిల్లలు ఆమెను మరాఠీలో మౌశి అని, అంటే పిన్ని అని పిలిచేవారు. వాళ్లను చూసి టీచర్లూ, బస్సు కండక్టర్లూ, బజారు వాళ్లూ అలాగే పిలిచేవారు. ఆమె గురించి చెప్పాల్సిన వివరాలు ఇంతే. మిగతాదంతా కాగితం.

ఆమె మంచం కింద ఒక రేకు పెట్టె ఉండేది. అందులో పెళ్లిపత్రికలు అచ్చువేయగా మిగిలిన అట్టలు, నోట్‌బుక్కుల అంచులు కోసినప్పుడు రాలిన సన్నని పట్టీలు, పాత క్యాలెండర్లు, చీరల డబ్బాలు, మందుల డబ్బాలు, వరి విత్తనాల ప్యాకెట్ల మీది గట్టి కాగితం, సబ్బు చుట్టిన కాగితం, ఎవరింట్లోనో బిడ్డ పుట్టినప్పుడు పంచిన మిఠాయి డబ్బా మూత. నేను అట్టపెట్టెలు చేసే కంపెనీలో డ్రాయింగులు గీస్తాను కాబట్టి, ఒక వస్తువును పెట్టెలో ఎలా సర్దారన్నది నా కంటికి ముందు కనిపిస్తుంది. అత్త వాటిని రంగుల వారీగా పేర్చేది కాదు, మందం వారీగా పేర్చేది. పెట్టెలోకి చూడకుండా, చెయ్యి మాత్రం పెట్టి, వేళ్లతో తడిమి కావాల్సింది తీసేది. "రంగు కండ్లకు ఎప్పుడైన తెలుస్తది. దొడ్డుతనం చేతికే తెల్వాలె," అనేది.

కాగితాన్ని మడత పెట్టి, ఆ మడత మీద తడి వేలితో గీత గీసేది. గీత వెంట నీరు ఇంకేదాకా ఆగి, రెండు చేతులతో నెమ్మదిగా విడదీసేది. అంచు నూగుతో విడిపోయేది. ఆ నూగు ఉంటే రెండు కాగితాలు ఒకదానికొకటి బాగా పట్టుకుంటాయి, అతుకు కనపడదు. జిగురుకు హాస్టల్లో అన్నం వార్చిన గంజి చాలు. పని మధ్యలో చిన్న ముక్కలను పెదవుల మధ్య పట్టుకునేది. కుడివైపు పెదవి మీద కాగితం, ఎడమవైపు నుంచి మాటలు. చాలాసార్లు ఆ ముక్కను మరిచిపోయి అలాగే పిల్లలకు అన్నం వడ్డించడానికి వెళ్లేది. పిల్లలు వరసగా తమ పెదవులు తట్టి చూపిస్తూ నవ్వేవారు.

డిప్లొమా రెండో ఏడులో నేను కాలేజీ వర్క్‌షాపులో అత్త కోసం ఒక అక్రిలిక్ పలక కోసి తెచ్చాను. కొలతలు ఖచ్చితంగా ఉన్నాయి, మూలలు సరిగ్గా తొంభై డిగ్రీలు. దాన్ని కాగితం మీద పెట్టి గీస్తే ప్రతి కార్డూ ఒకే సైజులో వస్తుందని వివరించాను. అత్త శ్రద్ధగా విన్నది. మళ్లీ సెలవులకు వచ్చేసరికి ఆ పలక పాలగిన్నె మీద మూతగా ఉంది. "మంచిగ చేసినవ్‌రా అల్లుడా, లోపట పాలు ఎన్నున్నయో కనబడుతున్నది," అంది.

ఒకే సైజు అనేది ఆమెకు అక్కరలేని విషయం. ఎవరైనా కార్డు చేసిపెట్టమని వస్తే ఆమె మొదటి మాట, "ఎవలికి?" రెండో మాట, ఆ మనిషి పొద్దున లేవగానే ఏం చేస్తారని. పుట్టినరోజా, పెళ్లిరోజా, బదిలీయా అని అడిగేది కాదు. లేవగానే చేసే పనిలో మనిషి మొత్తం ఉంటాడని ఆమె నమ్మకం. బదిలీ మీద వెళ్తున్న ఒక హెడ్‌మిస్ట్రెస్ పొద్దున లేస్తూనే కళ్లజోడు కోసం ఇల్లంతా వెతుకుతారని పిల్లలు చెప్పారు. అత్త చేసిన కార్డులో ఒక బల్ల, ఒక అల్మారా, ఒక మంచం ఉన్నాయి. ప్రతిదానికీ తెరిచే తలుపు ఉంది, ప్రతి తలుపు వెనకా ఖాళీ. చివరి మడత విప్పితే ఆడమనిషి తల, ఆ తల మీద కళ్లజోడు. ఆ హెడ్‌మిస్ట్రెస్ వీడ్కోలు సభలో ఏడవలేదు గానీ ఈ కార్డు చూసి నవ్వీ నవ్వీ ఏడ్చారని చెప్పుకునేవారు.

కార్డు మీద అక్షరాలు ఎందుకు ఉండవని నేను ఒకసారి అడిగాను. మా ఊళ్లో ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో రాసేది మరాఠీ, అడవి ఊళ్లలో వినిపించేది గోండి. ఒకరు రాసింది ఇంకొకరి ఇంట్లో చదవాలంటే మధ్యలో మరో మనిషి కావాలి. "చదివి చెప్పెటోడు కావాలంటే ఇగ కార్డెందుకు? ఆ చదివెటోన్నే పంపుండ్రి," అంది అత్త.

కాగితం ఎక్కువగా బజారులోని సేఠు దుకాణం నుంచి వచ్చేది. ఆయన పెళ్లిపత్రికలు అమ్ముతాడు, వెనక గదిలో అచ్చు వేయిస్తాడు. పెళ్లిళ్ల కాలం అయ్యాక పేరు తప్పు పడినవి, ముహూర్తం మారినవి, కొన్నవాళ్లు పంచకుండా వదిలేసినవి ఒక మూటగా కట్టి ఆమె కోసం పక్కన పెట్టేవాడు. ఆ మూట ఇస్తూ ప్రతి ఏడూ ఒక పరాచికం ఆడేవాడు. ఇన్ని పత్రికలు పట్టుకుపోతున్నావు అక్కా, ఒక్కటైనా నీ పేరు మీద వేయించు అనేవాడు. "సేఠ్‌జీ, మీ దుకాన్ల మిగిలిన కార్డులన్ని నాయే. పెండ్లికొడుకు ఒక్కడే మిగుల్తలేడు," అని అత్త మూట చంకన పెట్టుకునేది.

ఇంటికి తెచ్చాక ముందుగా చేసే పని పత్రికల మీది పేర్లన్నీ తీసేయడం. ఒకరి పెళ్లిని ఇంకొకరికి పంపకూడదని ఆమె నియమం. వధువు పేరు, వరుడి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తేదీ ఉన్న భాగమంతా చింపి పొయ్యిలో వేసేది. ఒక్క అక్షరం మిగిలినా ఆ ముక్క పెట్టెలోకి వెళ్లదు.

ఒక చలికాలంలో అహేరిలో మహిళా పొదుపు సంఘాల ప్రదర్శన పెట్టారు. సిరోంచ సంఘం వాళ్లు అత్త కార్డులను తమ బల్ల మీద అప్పడాలు, కారప్పొడి పక్కన పెట్టారు. నేను తోడు వెళ్లాను. కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకరు వచ్చి, ఒక కార్డు చేతిలోకి తీసుకొని, బాగుంది, ఇలాంటివే చాలా కావాలి, కొత్త సంవత్సరానికి పంచుతాను అన్నారు. సంఘం ఆడవాళ్ల ముఖాలు వెలిగాయి. అత్త మామూలుగానే అడిగింది, ఎవలికి అని. ఆయన అందరికీ అన్నారు. అత్త ఆయన చేతిలోంచి కార్డు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"అందరికి ఒక్కటే మొఖం ఉంటదా సార్?"

సంఘం అధ్యక్షురాలు అత్త కాలు తొక్కింది. నేను బల్ల కింద చూస్తూ నిలబడ్డాను. ఆ పెద్దమనిషికి కోపం రాలేదు, ఆలోచనలో పడ్డారు. సరే, మా అమ్మకు ఒకటి చేయండి అన్నారు. ఆమె లేవగానే ఏం చేస్తుందని అత్త అడిగింది. ఆయనకు తెలియదు. ఫోను తీసి, పక్కకు వెళ్లి మాట్లాడి వచ్చారు. నవ్వు ఆపుకుంటూ చెప్పారు, పక్కింటి కోడి తమ గడ్డివాములో గుడ్డు పెట్టిందేమోనని చూస్తుందట. అత్త అక్కడే, అప్పడాల పక్కన, విత్తనాల ప్యాకెట్ కాగితంతో గడ్డివాము చేసింది. గడ్డి విప్పితే లోపల మందుబిళ్ల డబ్బా తెల్లటి అట్టతో గుడ్డు. గోడ అవతల నుంచి తొంగి చూస్తున్న కోడి. ఆయన ఆ కార్డును కోటు లోపలి జేబులో పెట్టుకొని వెళ్లారు. పంచడానికి కావలసినవి వేరే బల్ల దగ్గర కొనుక్కున్నారు. సంఘం వాళ్లు తిరుగు బస్సులో అత్తతో మాట్లాడలేదు. అత్త కిటికీ పక్కన కూర్చొని తలెత్తుకొని వచ్చింది.

ఇంత గట్టి మనిషి ఒక్కసారి మాత్రం తప్పు చేసింది. ఆ తప్పు గురించి రాయాలనే ఇదంతా మొదలుపెట్టాను.

హాస్టల్లో జింగనూర్ అనే అడవి ఊరి నుంచి వచ్చిన ఒక పిల్ల పదో తరగతి చదువుతుండేది. వాళ్లింట్లో ఆ తరగతి దాకా వచ్చిన మొదటి మనిషి. అందరికంటే ముందు లేచి, పుస్తకం పట్టుకొని వంటగదిలోకి వచ్చి, పొయ్యి పక్కన పీట మీద కూర్చొని పైకి చదివేది. అత్త రొట్టెలు చేస్తూ వినేది. చరిత్ర పాఠంలో రాజులు చేసిన పనుల మీద తన అభిప్రాయం చెప్పేది. ఫిబ్రవరిలో ఆ పిల్ల నాయనమ్మ వాగు దగ్గర జారిపడిందని కబురు వస్తే చూడటానికి ఇంటికి వెళ్లింది. మళ్లీ రాలేదు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. హాల్ టికెట్లు వచ్చాయి. అందరివీ పంచగా ఒకటి వార్డెన్ మేడం బీరువాలో ఉండిపోయింది. మేడం ఒక టీచరును పంపి అడిగించారు. పిల్ల తండ్రి మర్యాదగానే జవాబు చెప్పాడట. ముసలామెకు ఇంకా కాలు నిలవడం లేదు, ఇప్పపువ్వు రాలుతోంది, ఏరడానికి చేతులు కావాలి, పది అయ్యాక మాత్రం ఏం చేస్తుంది, మళ్లీ ఇక్కడికే కదా వచ్చేది అన్నాడట. ఆ ఊళ్లో ఫోను పలకదు. మేడం ఇక తన వల్ల కాదన్నారు.

అత్త వాదన పెట్టుకోలేదు. మధ్యాహ్నం వంట అయ్యాక రేకు పెట్టె బయటికి లాగింది. పరీక్షల ముందు చదువుకోమని మా కాలేజీ ఇచ్చిన సెలవులకు నేను సిరోంచలో ఉన్నాను. ఈసారి ఆమె ఎవరినీ ఏమీ అడగక్కరలేదు, ఆ పిల్ల లేవగానే ఏం చేస్తుందో ఆమెకు తెలుసు. సబ్బు కాగితం మట్టిరంగుతో పొయ్యి చేసింది. నారింజరంగు క్యాలెండర్ ముక్కతో మంట, తాకితే కదిలేలా. పక్కన చీరల డబ్బా అట్టతో ఒక పీట. పీట మీద ఎవరూ లేరు. రా, నీ చోటు ఖాళీగా ఉంది అని చెప్పడానికి ఇంతకంటే మంచి మార్గం నాకైతే తెలియదు. అడుగు అట్టకు సేఠు ఇచ్చిన మూటలోంచి మందపాటి పెళ్లిపత్రిక తీసుకుంది. పంచకుండా మిగిలిపోయినది. అక్షరాలున్న భాగమంతా తీసేసింది. మిగిలిన ముక్కకు ఒక మూల పసుపు అంటి ఉంది. చింపబోయి ఆగింది. పొయ్యి వెలుగు అక్కడిదాకా పడినట్టుందని ఉంచేసింది.

కార్డును జింగనూర్ బస్సు కండక్టర్ చేతికి ఇచ్చింది.

ఆ ఊళ్లో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. కండక్టర్ బస్సు ఆపి కార్డును తండ్రి చేతిలో పెట్టాడు. ఎవరు పంపారని ఆయన అడిగితే హాస్టల్ మౌశి అన్నాడు, బస్సు కదిలింది. ఆ తండ్రి ఏటా వరికోతలకు సిరోంచ దిక్కు వచ్చే మనిషి. మా ఇళ్లలో ఎన్నో పెళ్లిళ్లలో భోంచేసిన మనిషి. పసుపు పెట్టిన కాగితం అంటే ఏమిటో, పీట అంటే ఏమిటో, పెద్ద పొయ్యి ఎప్పుడు వెలిగిస్తారో ఆయనకు బాగా తెలుసు. అన్నీ కలిపి చూసి ఇంట్లో వాళ్లకు చదివి చెప్పాడు. హాస్టల్ మౌశికి పెళ్లి కుదిరింది. ఇన్నాళ్లకు కుదిరింది. పసుపుతో పిలుపు వచ్చాక పోకుండా ఉండకూడదు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం నేను అత్త ఇంట్లో స్టూలు మీద నిలబడి ఫ్యాను రెగ్యులేటర్ బాగుచేస్తున్నాను. అత్త పెదవి మీద కాగితం ముక్కతో వాకిట్లో కూర్చొని వెల్లుల్లిపాయలు ఒలుస్తోంది. గేటు తీసుకొని తండ్రి, తల్లి, కాలికి కట్టుతో కర్ర పట్టుకొని నాయనమ్మ, అందరి వెనకా ఆ పిల్ల లోపలికి వచ్చారు. అందరూ ఉతికిన బట్టలు కట్టుకున్నారు. తల్లి నెత్తిన బియ్యం గంప, చేతిలో కాళ్లు కట్టిన కోడిపుంజు. తండ్రి భుజాన కొత్త చీర.

వాళ్లు పందిరి కోసం చూశారు. పందిరి లేదు. నాయనమ్మ కర్ర తాటించుకుంటూ ఇంటి వెనక్కి వెళ్లి అక్కడ కూడా చూసి వచ్చింది. తర్వాత స్టూలు మీద ఉన్న నన్ను కింది నుంచి పై దాకా చూసి గోండిలో ఏదో అంది. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తల్లి వచ్చి కోడిపుంజును నా చేతిలో పెట్టింది. స్క్రూడ్రైవర్ జేబులో వేసుకొని కోడిని పట్టుకున్నాను. నాయనమ్మ ఏమందో నాకు సాయంత్రం తెలిసింది. పెళ్లికొడుకు మరీ చిన్నోడు, అయినా పని వచ్చినట్టుంది, ఫర్వాలేదు అందట.

పెళ్లి ఎప్పుడని తండ్రి అడిగాడు. ఎవరి పెళ్లి అని అత్త అడిగింది. ఆయన చొక్కా జేబులోంచి కార్డు తీసి, ఆ పసుపు మూల మీద వేలు పెట్టి చూపించాడు.

అత్త పెదవి మీది కాగితం రాలిపోయింది. నాకు భయం వేసింది. సాయంత్రం బస్సు తిరిగి జింగనూర్ వెళ్తుంది. నవ్వులపాలయ్యామనుకొని వాళ్లు ఆ బస్సెక్కితే పిల్లను కూడా తీసుకుపోతారు. ఇక ఏ కార్డూ ఆ ఇంటి గుమ్మం దాటదు. హాల్ టికెట్ బీరువాలోనే ఉంటుంది. నేను వాళ్లకు సర్దిచెప్పబోయాను, కార్డును వాళ్లు పొరపాటుగా అర్థం చేసుకున్నారని. అత్త నన్ను ఆపింది.

"నువ్వు ఊకో. ఆయన మంచిగనే చదివిండు. నేనే తప్పు రాసిన. అక్షరాలన్ని తీసేసిన గని, పసుపు కూడ అక్షరమే అన్న సంగతి యాది మరిచిన."

తర్వాత తండ్రి వైపు తిరిగి, పెళ్లి లేదన్నా, తప్పు నాది, మీరు ఇంత దూరం వచ్చిండ్రు అంది. ఆయన కొత్త చీరను ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. నాయనమ్మ పెద్దగా ఊపిరి వదిలి వాకిట్లో కూర్చుంది. అత్త లేచి చెంగు బొడ్లో దోపుకుంది. "పసుపు పెట్టి పిలిచిన. అన్నం పెట్టక తోలిస్తనా? కాళ్లు కడుక్కోండ్రి," అంది.

ఆ మధ్యాహ్నం ఆమె వండినంత నేను ఎప్పుడూ చూడలేదు. పప్పు, కోడిగుడ్ల కూర, వంకాయ, బెల్లం పరమాన్నం. కోడిపుంజును మాత్రం కోయనివ్వలేదు, అది పెళ్లికి తెచ్చింది, పెళ్లి లేనప్పుడు దానికి సావెందుకు అంది. కబురు ఎలా చేరిందో గానీ సేఠు బూందీ లడ్డూల పొట్లం పట్టుకొని వచ్చాడు. తన దుకాణంలో మిగిలిన కార్డుకే ఇంత బంధువర్గం వచ్చిందంటే, అసలు కార్డు వేయిస్తే సిరోంచ పట్టదన్నాడు. నాయనమ్మ ఆయన్ను కూడా కింది నుంచి పై దాకా చూసింది. సేఠు తనకు పెళ్లయిందని తొందరగా చెప్పాడు. ముందుగా నవ్వింది తండ్రే.

విస్తళ్ల ముందు కూర్చున్నాక ఆయన కార్డును మోకాలి మీద పెట్టుకొని అడిగాడు, పెళ్లిపీట కాకపోతే ఈ పీట ఎవరిదని.

"మీ బిడ్డది," అంది అత్త. "రోజు పొద్దుగాల పొయ్యికాడ దాని మీదనే కూసొని చదువుతది. ఇప్పుడు ఖాళీ ఉన్నది."

ఆయన చాలాసేపు ఆ పీటను చూశాడు. వేలితో మంటను కదిపాడు, అది ఊగింది. చివరికి నెమ్మదిగా, ఇప్పపువ్వు ఆగదు మౌశి అన్నాడు. పరీక్ష కూడా ఆగదన్నా అంది అత్త. ఇద్దరి మాటా నిజమే. తల్లి విస్తరిలో అన్నం కలుపుతూ తల వంచుకుంది. ఆ పిల్ల ఎవరి వైపూ చూడకుండా తింటోంది.

అప్పుడు అత్త నా వైపు చూసింది. "చేతులే కదా కావాల్సింది? ఈ అల్లుడిని తీసుకపోండ్రి. పరీక్షలైనంక బిడ్డను నేనే తోల్కొస్త, వీన్ని తీసుకొస్త. ఊకెనే కూసొని తింటున్నడు ఈడ."

నాకు కూడా పరీక్షలున్నాయని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ నావి ఇంకా దూరం ఉన్నాయి, పుస్తకాలు సంచిలో పెట్టుకుపోవచ్చు. లెక్క వేస్తే అత్త లెక్కే సరిపోయింది. నోరు మూసుకున్నాను. నాయనమ్మకు గోండిలో ఎవరో చెప్పారు. ఆమె నన్ను లేచి, పువ్వు ఏరుతున్నట్టు వంగమని సైగ చేసింది. వంగాను. పెదవి విరిచింది. అయినా తీసుకుపోదాం అన్నట్టు చెయ్యి ఊపింది.

తండ్రి చెయ్యి కడుక్కొని వచ్చి కొత్త చీరను అత్త చేతిలో పెట్టాడు. ఆమె వద్దంటే, పెట్టుపోతలు వెనక్కి తీసుకపోరు అన్నాడు. అప్పుడు ఆయన అన్న మాటకు సేఠు కూడా లడ్డూ పొట్లం పక్కన పెట్టి నవ్వాడు.

"పెండ్లికి వచ్చినం. పిల్లనిచ్చి పోతున్నం, పిలగాన్ని తీసుకపోతున్నం. ఇగ ఇంకేం పెండ్లి గావాలె?"

సాయంత్రం ఎండ తగ్గాక జింగనూర్ బస్సు హాస్టల్ ముందు రోడ్డు మీద ఆగింది. తండ్రి ముందుగా వెళ్లి బస్సును ఆపి ఉంచాడు. తల్లి నాయనమ్మను నడిపించుకుపోయింది. నేను గేటు దగ్గర ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో కోడిని పట్టుకొని చెప్పులు వెతుక్కుంటున్నాను. అత్త ఇంకా నొచ్చుకుంటూనే ఉంది. ముసలామెను కట్టుకాలుతో ఇంత దూరం తిప్పానని, అంత పసుపు కంటి ముందు పెట్టుకొని చూడలేదని తనను తాను తిట్టుకుంటోంది. ఆ పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది.

"మౌశీ, పెండ్లి గాదని నాకు ముందుగాలనే తెలుసు. పీటను చూడంగనే తెలిసింది, అది నాదని."

"మరి చెప్పొద్దా?"

"చెప్తే మా నాయన బస్సెక్కేటోడు గాదు."

అత్త ఆ పిల్లను చూసింది. కొత్త చీరను గేటు మీద వేసి, పిల్ల చెయ్యి పట్టుకొని హాస్టల్ వైపు నడిచింది. బస్సులో నాయనమ్మ నాకు కిటికీ పక్కన చోటిచ్చింది. బస్సు కదులుతుండగా కిటికీలోంచి చూశాను. అత్త వార్డెన్ మేడం తలుపు కొడుతోంది. లోపలి నుంచి ఎవరని అడిగినట్టున్నారు. అత్త జవాబు ఇంజను మోతలో కూడా రోడ్డు దాకా వినిపించింది.

"బీరువా తీయుండ్రి మేడం. పిల్ల వచ్చింది."